నీళ్ళలో రంగు మారే కారు

మే నెలలో ఒక ఆదివారము. ఆరాధన ముగిసి, పెద్దలు వేపచెట్టు క్రింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. జగిత్యాలకు దగ్గరలో మేము నెలకు రెండుసార్లు వెళ్ళే చిన్న సంఘము అది. మందిరము వెనుక కాళ్ళు కడుక్కునేందుకు పెట్టిన బకెట్టు చుట్టూ పిల్లలు గుమికూడారు. మధ్యలో ఆరేళ్ళ బాబు ఒకడు చిన్న పసుపుపచ్చని కారును నీళ్ళలో ముంచుతున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ ముంచుతున్నాడు.

"అయ్యగారూ, ఇది నీళ్ళల్ల ఏస్తే రంగు మారుతది. మా బాపు ఫోన్ల చూపెట్టిండు. ఆకుపచ్చగ ఉండె. నీళ్ళల్ల ఏస్తే పసుపైంది" అన్నాడు వాడు మమ్మును చూచి.

కారు మాత్రము మొదటి నుండీ పసుపుగానే ఉన్నది. పక్కనున్న పెద్ద పిల్లవాడు ఊరుకోలేదు. "మీ బాపు మంచి కారు చూపెట్టి, దొంగ కారు పంపిండు" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని, మేము కూడా నవ్వాము.

వాని తండ్రి దుబాయిలో ఉంటాడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో ఉన్న పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మా సంఘాలలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు సగము మనవులు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీల పేర్లతోనే మొదలవుతాయి. వీడు నాలుగేండ్లవాడుగా ఉన్నప్పుడు తండ్రి వెళ్ళాడు. ఊరికి తిరిగి వస్తున్న స్నేహితుని చేతికి ఒక సబ్బుల పొట్లము, ఒక దుప్పటి, ఈ కారు ఇచ్చి పంపాడు. అంతకు ముందు రోజు ఫోనులో కారును కుళాయి క్రింద పెట్టి రంగు మారుట కొడుకుకు చూపించాడట. అందువలన "దొంగ కారు" అన్న మాట పిల్లవానికి కారును గూర్చిన మాటగా తగలలేదు, తండ్రిని గూర్చిన మాటగా తగిలింది.

వాడు ఇంటికి పరుగెత్తి ఖాళీ డబ్బా తెచ్చి మాకు చూపించాడు. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. ఇంటిలో చదివేవారు లేరు. ఇంకొక గ్రామానికి వెళ్ళవలసిన తొందరలో మేము పైపైన చూచి, "వేడినీళ్ళలో వేయాలట నాయనా, మామూలు నీళ్ళలో కాదు" అని చెప్పి మోటారు సైకిలు ఎక్కాము. ఆ డబ్బా మీదనే చల్లని నీళ్ళ మాట కూడా వ్రాసియున్నది. దానిని మేము చదవలేదు.

సాయంత్రము ఫోను వచ్చింది. వాని నాయినమ్మ కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెట్టి, బర్రెను కట్టివేయుటకు బయటకు వెళ్ళినదట. పిల్లవాడు కారును బగోనెలో వేసి చూచాడు. పసుపు కారు పసుపుగానే ఉన్నది. దానిని తీయాలని చేయి పెట్టాడు. మూడు వేళ్ళు, మణికట్టు దాకా కాలింది. నాయినమ్మ భయపడి టూత్ పేస్టు రాసింది. జగిత్యాల ఆసుపత్రిలో ఆ పేస్టును కడిగి తీయుటకే పిల్లవానికి కాలినంత బాధ అయ్యింది.

దేవుని కృపను బట్టి పుండు మూడు వారాలలో మానింది. మణికట్టు దగ్గర తెల్లని మచ్చ మాత్రము ఉన్నది. కాని మాకు మనస్సు నిలువలేదు. మేము సగము చదివి చెప్పిన మాట వలన అది జరిగింది. అప్పుడైనా ఆ కారు సంగతి ఏమిటో పూర్తిగా తెలుసుకొనవలెనని అనుకొన్నాము. తెలుసుకొన్నదానిని ఇక్కడ వ్రాస్తున్నాము. ఇప్పుడు ఇటువంటి కార్లు, గిన్నెలు, బొమ్మలు గల్ఫు నుండి మాత్రమే కాదు, కరీంనగర్ దుకాణాలలోనూ, ఫోనులో ఆర్డరు పెట్టినా దొరుకుతున్నాయి.

మా సంఘములో ఒక సహోదరి హైస్కూలులో సైన్సు చెబుతున్నది. ఆమె ఆ కారును చేతిలోకి తీసుకొని చెప్పిన మొదటి మాట, "అయ్యగారూ, ఇది నీళ్ళకు మారదు, వేడికి మారుతుంది" అని. నీళ్ళు వేడిని గాని చల్లదనాన్ని గాని మోసుకొని వచ్చే వాహనము మాత్రమే. ఈ రంగులు ఎక్కువగా 31 డిగ్రీల దగ్గర మారేటట్లు చేస్తారు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు గనుక చేతితో పట్టుకొన్నా మారాలని ఈ లెక్క. 31 డిగ్రీలకు పైన ఒక రంగు, దానికి క్రింద ఇంకొక రంగు.

ఇప్పుడు ఆ ఆదివారము సంగతి ఆలోచించండి. తండ్రి కారును చూపించినది దుబాయిలో ఏసీ గదిలో. అక్కడ కారు చల్లగా ఉన్నది గనుక ఆకుపచ్చగా ఉన్నది. ఆ దేశములో ఎండాకాలము కుళాయి తిప్పితే నీళ్ళు వేడిగానే వస్తాయి. కుళాయి క్రింద పెట్టగానే పసుపయ్యింది. అదే కారు మే నెలలో జగిత్యాల చేరింది. మన దగ్గర మధ్యాహ్నము 42, 43 డిగ్రీలు, రేకుల ఇంటిలో అంతకంటే ఎక్కువ. డబ్బా తెరిచేసరికే కారు వేడిరంగులో ఉన్నది. బకెట్టులో నీళ్ళు కూడా ఎండకు కాగి ఉన్నాయి. బగోనెలో సలసల కాగే నీళ్ళలో వేసినా అది మారుటకు ఇంకేమీ మిగలలేదు. దానికి కావలసినది రంజన్‌లో చల్లని నీళ్ళు.

పిల్లవాని చేయి మానిన తరువాత సహోదరి బడి నుండి థర్మామీటరు తెచ్చింది. మందిరము అరుగు మీద ఆ పిల్లలందరినీ కూర్చోబెట్టాము. ఎండలు ఇంకా తగ్గలేదు. ట్యాంకు నీళ్ళు 38 డిగ్రీలు. వాటిలో వేస్తే కారు పసుపుగానే ఉన్నది. రంజన్ నీళ్ళు 26 డిగ్రీలు. ఆ గ్లాసులో వాడే తన చేతితో కారును వదిలాడు. చక్రాల దగ్గర మొదలై పైకప్పు దాకా ఆకుపచ్చ ప్రాకింది. "మీ బాపు దొంగ కారు పంపిండు" అన్న పిల్లవాడు లేచి గ్లాసు దగ్గరకు వచ్చి, "ఇంకోసారి" అన్నాడు. ఆ రోజు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు.

రంజన్ నీళ్ళు చల్లబడేది మట్టి గోడ గుండా నీరు ఊరి ఆవిరి అవుతూ లోపలి వేడిని తీసుకొనిపోవుట వలన అని కూడా సహోదరి ఆ పూటే చెప్పింది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడతాయి. మన ప్రాంతపు పొడి ఎండకు రంజన్ పుట్టిందేమో అనిపిస్తుంది.

రంగు ఎట్లా మారుతుందని పెద్దవాళ్ళు అడిగారు. పసుపులో సున్నము కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది కదా. పసుపు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రంగు, సున్నముతో కలిసినప్పుడు ఇంకొక రంగు. ఈ కారు పూతలో కూడా అటువంటి ఇద్దరున్నారు. ఒకటి, ఒంటరిగా ఉంటే రంగు లేని ఒక రసాయనము. రెండవది పుల్లని గుణము గల ఇంకొక పదార్థము. రెండూ అంటుకొని ఉన్నంతసేపు నీలమో ఎరుపో కనబడుతుంది. విడిపోతే రంగు పోతుంది.

వీటిని కలిపి ఉంచేది, విడదీసేది మూడవది, మైనము వంటి పదార్థము. ఆదిలాబాదు చలిలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా చూచారా? గట్టిగా గడ్డకట్టి ఉంటుంది. ఎండలో పెడితే కరుగుతుంది. ఈ మైనము అట్లాంటిదే, 31 డిగ్రీల దగ్గర కరిగేటట్లు ఎంచి వేస్తారు. గడ్డకట్టి ఉన్నప్పుడు ఆ రెండూ జంటగా ఉంటాయి, రంగు ఉంటుంది. కరిగినప్పుడు వాటిని తనలో కలుపుకొని దూరము చేస్తుంది, రంగు మాయమవుతుంది. చల్లబడితే మళ్ళీ జంట కడతాయి. ఈ మూడింటినీ కంటికి కనబడనంత చిన్న గుళికలలో మూసి, ఆ గుళికలను పెయింటులో కలుపుతారు. ఒక్కొక్క గుళిక మిల్లీమీటరులో వందవ వంతు కంటే కూడా చిన్నది.

మన పిల్లవాని కారుకు అడుగున మామూలు పసుపు పెయింటు ఉన్నది. దానిపైన నీలి రంగు గుళికల పూత. పసుపు మీద నీలము పడితే ఆకుపచ్చ. వేడి తగలగానే నీలము మాయమై అడుగునున్న పసుపు బయటపడుతుంది. అంటే ఆ కారు నిజముగా రంగు మార్చుకొనుట లేదు, ఒక రంగును దాచుకొంటున్నది.

ఇంకొక రకము బొమ్మలు నిజముగా నీటికే మారుతాయి. కుంచెను నీళ్ళలో ముంచి తెల్లని కాగితము మీద గీస్తే చేపలు, పూలు కనబడే పుస్తకాలు చూచియుంటారు. దానిమీద ఉన్నది సన్నని రంధ్రాలు గల తెల్లని పూత. తెల్లచొక్కా తడిస్తే లోపలి బనియను కనబడినట్లు, తడిసినప్పుడు ఆ పూత అడుగున ఉన్నదానిని కనబడనిస్తుంది. ఆరితే మళ్ళీ తెలుపు. ఇంటిలోని బొమ్మ ఏ రకమో తెలియకపోతే ముందు చల్లని నీళ్ళలో, తరువాత గోరువెచ్చని నీళ్ళలో వేసి చూడండి. స్నానానికి పిల్లవాని ఒంటిమీద పోసే నీళ్ళకంటే వేడి ఏ బొమ్మకూ అవసరము లేదు. 60 డిగ్రీల నీళ్ళు పిల్లల లేత చర్మాన్ని కొద్ది క్షణాలలోనే లోతుగా కాలుస్తాయి. పొయ్యి మీద మరిగే నీళ్ళు 100 డిగ్రీలని మనకు తెలుసు.

కాలిన వెంటనే చేయవలసినది కూడా ఇక్కడే చెప్పాలి. కాలిన చోట మామూలు చల్లని నీళ్ళను ధారగా 20 నిమిషాలు పోయాలి. మంచుగడ్డ వద్దు. టూత్ పేస్టు, ఇంకు, గోధుమపిండి, పసుపు, నెయ్యి ఏవీ వద్దు. ఉంగరము, గాజులు వాపు రాకముందే తీయాలి. బొబ్బలను చిదుమకుండా శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఇరవై నిమిషాలు అనేసరికి మా సంఘములోని తల్లులు ఆశ్చర్యపోయారు. రెండు చెంబులు పోసి సరిపెడుతున్నామని ఒప్పుకొన్నారు.

ఈ రంగుల వెనుక జపాను దేశపు పని చాలా ఉన్నది. పైలట్ అనే కలముల కంపెనీ 1970లలో వేడికి మారే సిరాను తయారుచేసింది. అదే విద్యతో 2006లో చెరిపివేయగల పెన్నును ఐరోపా దుకాణాలలో పెట్టింది. పెన్ను చివరన ఉన్న రబ్బరుతో రుద్దితే ఆ రాపిడి వేడికి వ్రాత మాయమవుతుంది. దానితో వ్రాసిన కాగితాన్ని ఎండలో కారులో వదిలితే వ్రాత మొత్తము పోవచ్చును. మన ప్రాంతములో భూమి కాగితము మీద అటువంటి పెన్నుతో సంతకము పెట్టకపోవుట మంచిది! అమెరికాలో మ్యాటెల్ కంపెనీ హాట్ వీల్స్ చిన్న కార్లను 1968లో మొదలుపెట్టి, రంగు మారే కార్లను 1980లలోనే తెచ్చింది. ఇప్పుడు కలర్ షిఫ్టర్స్ అనే పేరుతో అమ్ముతున్నది. వీటిలో కొన్ని ఒకసారి మారితే మంచునీళ్ళలో వేసేదాకా తిరిగి రావు. అది చెడిపోవుట కాదు, అట్లా చేసినదే.

1991లో అమెరికాలో హైపర్‌కలర్ అనే చొక్కాలు వచ్చాయి. చేయి వేస్తే చేతి గుర్తు పడేది. పడుచువారు ఎగబడి కొన్నారు. అయితే చెమట పట్టే చంకల దగ్గర కూడా రంగు మారి అందరికీ కనబడేది. వేడినీళ్ళలో ఉతికితే ఆ గుణమే చచ్చేది. ఒకటి రెండేండ్లలో మోజు తీరిపోయింది. ఈ చొక్కాల సంగతి తెలిస్తే మన బొమ్మకు ఏమి చేయకూడదో అర్థమవుతుంది. అతి వేడి, ఎండ ఈ రంగుకు శత్రువులు. కిటికీలో ఎండ తగిలేచోట పెడితే కొన్ని నెలలలో మారుట మందగిస్తుంది. సలసల కాగే నీళ్ళు గుళికలను పాడుచేస్తాయి. మా పిల్లవాని కారు కూడా ఆ సాయంత్రము తరువాత ఒకవైపు తలుపు దగ్గర మారుట మానివేసింది.

వేడికి రంగు మారే ఇంకొక సంగతి ప్రతి తల్లికీ దగ్గరగా వచ్చియున్నది, ఆమె గమనించినా గమనించకపోయినా. పోలియో చుక్కల సీసా మీద ఒక చిన్న గుండ్రము, దానిలో తెల్లని చతురస్రము ఉంటుంది. సీసా వేడికి గురైనకొద్దీ ఆ తెలుపు నల్లబడుతుంది. లోపలి చతురస్రము చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే ఆ మందు పనికిరాదు, పారవేయాలి. ఇది కారు రంగు వలె తిరిగి తెల్లబడదు, తిరిగి రాకూడదనే అట్లా చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1996 నుండి పోలియో సీసాలకు దీనిని వాడుకలోకి తెచ్చాయి. ఐసు డబ్బా భుజాన వేసుకొని ఆదిలాబాదు గూడేలకు నడిచి వెళ్ళిన నర్సమ్మకు ఆ చిన్న గుర్తే సాక్ష్యము. మన దేశములో సహజమైన పోలియో వైరసు వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో కనబడింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతముగా ధ్రువపత్రము వచ్చింది. మేము ఈ మాట చెప్పినప్పుడు మా సంఘములో ఒక నర్సమ్మ లేచి, "మేము రోజుకు ఎన్నిసార్లు చూసేదో, గాని బొమ్మ కార్లకు దీనికి చుట్టరికమని తెల్వదు" అన్నది.

నాయినమ్మ అడిగిన ప్రశ్న మాత్రము వేరు. "అయ్యగారూ, పోరడు నోట్ల పెట్టుకుంటడు. ఈ రంగుల ఏమన్న విషముంటదా?"

గుళికలు మూసి ఉన్నంతవరకు లోపలి రసాయనాలు లోపలే ఉంటాయి. గీకి, కొరికి, పెచ్చులు ఊడిన కారును మాత్రము పిల్లల నోటికి పోనీయరాదు. అయితే అసలు భయము ఈ మారే రంగు కంటే మారని రంగులతో ఎక్కువ. మెరిసే పసుపు, నారింజ, ఎరుపు పెయింట్లలో సీసము కలుపుట చాలా కాలము నుండి ఉన్నది. సీసము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చదువులో వెనుకబడుట, ఏకాగ్రత లేకపోవుట, రక్తహీనత దాని వలన రావచ్చును. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పెద్దవారికంటే పసిపిల్లల ఒంటిలోనికి అది ఎక్కువగా ఎక్కుతుంది.

పేరున్న కంపెనీ అయినంత మాత్రాన నిశ్చింత లేదు. 2007 ఆగస్టులో మ్యాటెల్ కంపెనీ చైనాలో తయారైన తన బొమ్మలలో కొన్నింటిని సీసము ఉన్న పెయింటు కారణముగా వెనుకకు తీసుకొన్నది. వాటిలో ఒక సినిమా పాత్ర రూపములోని చిన్న కార్లు నాలుగు లక్షలకు పైగా ఉన్నాయి. అవి రంగు మారే కార్లు కావు, మామూలు పెయింటు కార్లు. మన దేశములో ఇంటి పెయింట్లలో సీసము 90 పీపీఎం మించరాదనే నియమము 2016లో వచ్చి 2017 నవంబరు నుండి అమలయ్యింది. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి 1 నుండి తప్పనిసరి అయ్యింది. దుకాణములో డబ్బా మీద ఆ గుర్తు వెదకండి. అంగడిలో, జాతరలో కుప్పపోసి అమ్మే బొమ్మలకు డబ్బానే ఉండదు. అవి కొనవద్దని చెప్పుట తేలిక. పది రూపాయల బొమ్మ తప్ప కొనలేని తల్లికి ఆ మాట ఎట్లా చెప్పాలో మాకు తెలియదు. రంగు లేని బొమ్మ కొనమంటాము. గోరుతో గీకితే రంగు రాలే బొమ్మను అక్కడే పెట్టి రమ్మంటాము.

ఆగస్టులో ఒక పెండ్లికి నిర్మల్ వెళ్ళాము. నాయినమ్మ, పిల్లవాడు కూడా మాతో వచ్చారు, వారికి అక్కడ బంధువులున్నారు. నిర్మల్ 2016 దాకా ఆదిలాబాదు జిల్లాలోనిది, ఇప్పుడు వేరే జిల్లా. హైదరాబాదు నుండి నాగపూరు పోయే పెద్ద రోడ్డు మీద వెళ్ళేవారెవరైనా అక్కడి కొయ్యబొమ్మల గూర్చి వినియుంటారు. కొయ్యతో పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు చేస్తారు. సీతాఫలమును దూరము నుండి చూస్తే చేయి చాపాలనిపిస్తుంది. పనివారు 1955లో సహకార సంఘముగా ఏర్పడ్డారు.

అడవిలో దొరికే పొనికి కర్ర ఆ బొమ్మలకు ప్రాణము. మెత్తగా, తేలికగా ఉంటుంది, చిన్న ఉలికి లొంగుతుంది. ముక్కలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దే పగుళ్ళను కూడా పూడుస్తుంది. ఆరిన తరువాత తెల్లని మట్టి పూత, దానిపైన రంగు. పూర్వము ఆ రంగులను ఆకుల నుండి, ఖనిజాల నుండి తీసేవారు. తరువాత డబ్బా పెయింట్లు వచ్చాయి. పొనికి చెట్లు తరిగిపోవుట ఇప్పుడు వారికి పెద్ద కష్టము.

మా పిల్లవాడు ఒక కొయ్య చిలుకను ఎత్తి చూచి, ఆ పనివానిని అడిగాడు. "ఇది నీళ్ళల్ల ఏస్తే మారుతదా?"

ఆయన నవ్వాడు. "మారుతది బిడ్డా, కరాబైతది" అన్నాడు. తరువాత తన పక్కనున్న చింతగింజల ముద్దను చూపించి, ఇది నీళ్ళు తాగితే ఉబ్బుతుందని, అతుకు విడుతుందని, అందుకే తడిగుడ్డతో తుడవకూడదని చెప్పాడు. పిల్లవాడు జేబులో నుండి కారు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. ఆ పూట వాన పడి గాలి చల్లగా ఉన్నది. ఆకుపచ్చ కారు ఆయన వేళ్ళ మధ్య మెల్లగా పసుపయ్యింది. ఆయన చాలాసేపు దానిని అటూ ఇటూ త్రిప్పి చూచాడు. ముప్పై ఏండ్లుగా రంగులతో బ్రతికే మనిషి, ఎన్ని పూతలు వేశారు, అడుగున ఏ రంగు అని మమ్మును అడిగాడు. పసుపు అడుగున, నీలము పైన అని పిల్లవాడే చెప్పాడు.

ఇటువంటి చేతిపనివారికి బొమ్మల ఐ.ఎస్.ఐ. నియమము నుండి మినహాయింపు ఉన్నది. ప్రభుత్వ హస్తకళల శాఖలో నమోదైన పనివారికి, భౌగోళిక గుర్తింపు పొందిన కళలకు అది వర్తించదు. నిర్మల్ బొమ్మలకు ఆ గుర్తింపు ఉన్నది. చిన్న పనివాడు పరీక్షల ఖర్చు భరించలేడు గనుక ఇది న్యాయమే. కాని పిల్లలు నోట పెట్టుకొనే బొమ్మ కొనేటప్పుడు ఏ రంగు వేశారని అడుగుట మన బాధ్యత, అడిగితే వారు చెబుతారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు ఈ ప్రశ్నతోనే పెనుగులాడి, లక్కబొమ్మలకు చెట్లనుండి, గింజలనుండి, వేళ్ళనుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడి అంకుడు కర్ర బొమ్మను కదురు మీద తిప్పుతూ లక్క పట్టిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుతుంది. అక్కడ కూడా వేడితోనే పని.

నాయినమ్మ బేరమాడి చిలుకను కొన్నది. ఇంటికి వచ్చిన తరువాత అది గూటిలో, దీపానికి పక్కన, పిల్లవానికి అందనంత ఎత్తులో ఉన్నది.

డిసెంబరులో వాని తండ్రి వచ్చాడు. రెండేండ్ల నాలుగు నెలల తరువాత. క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున బస్సు దిగాడు. ఆ సంవత్సరము చలి గట్టిగా ఉన్నది. ఉదయము మేము చూడబోయేసరికి ఇల్లంతా బంధువులు, పెట్టెలు, సెంటు వాసన. పిల్లవాడు మాత్రము నాయినమ్మ కొంగు వెనుక నుండి బయటకు రాలేదు. ఫోనులో రోజూ మాట్లాడిన మనిషే, కాని ఎదురుగా నిలబడితే కొత్తవాడు. తండ్రి చేతులు చాచి కూర్చున్నాడు, పిలిచి పిలిచి ఊరుకొన్నాడు. మణికట్టు మీది మచ్చను ఆయన అప్పటికే చూచాడు. మేము జరిగినదంతా, మా తప్పుతో సహా, చెప్పాము. ఆయన తల వంచుకొని, "డబ్బా మీద ఏం రాసిందో నేను గూడ సదువలే అయ్యగారూ" అన్నాడు.

కొంతసేపటికి పిల్లవాడు లోపలికి పోయి కారు తెచ్చాడు. రాత్రి చలికి అది నిండు ఆకుపచ్చగా ఉన్నది, కాగిన తలుపు దగ్గర మాత్రము పసుపు మరక. తండ్రి దగ్గరకు రెండడుగులు వేసి, కారును ఆయన గుప్పిట్లో పెట్టి, వేళ్ళను ఒక్కొక్కటిగా మూశాడు.

"గట్టిగ పట్టుకో. నేను సెప్పేదాక ఇడువకు" అన్నాడు. తరువాత ఆయన మోకాలి దగ్గర కూర్చొని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుట మొదలుపెట్టాడు.